తెర మూలన మూడు అక్షరాలు: ఎన్‌హెచ్‌కే లోగోలపై ఒక ప్రేక్షకుడి సమీక్ష

ఛానెళ్లను సమీక్షించేవారు కార్యక్రమాల గురించి రాస్తారు, వార్తల నాణ్యత గురించి రాస్తారు, చందా ఎంతో చెబుతారు. తెర మూలన పొద్దస్తమానం కదలకుండా ఉండే లోగో గురించి మాత్రం ఎవరూ రాయరు. ఒక ఛానెల్‌ను ఏళ్ల తరబడి చూసేవారికి కార్యక్రమాలు వచ్చి పోతుంటాయి గాని, లోగో ఒక్కటే ఇంటి గుమ్మం పక్కన పేరుపలకలాగా అక్కడే ఉంటుంది. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే నడిపే అంతర్జాతీయ ఆంగ్ల ఛానెల్ ఎన్‌హెచ్‌కే వరల్డ్-జపాన్‌ను ఇంటర్నెట్‌లో నేను కొన్నేళ్లుగా చూస్తున్నాను. మొదట సుమో కుస్తీ కోసం చూశాను, తర్వాత వార్తల కోసం చూశాను, ఆ తర్వాత మూలనున్న ఆ మూడు అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలనిపించింది. లోగో కూడా ప్రసార సేవలో భాగమేననీ, దాన్ని అందంతో పాటు ప్రేక్షకుడికి పడే అక్కరతో కూడా తూచాలనీ నా నమ్మకం. ఈ సమీక్షలో ఎన్‌హెచ్‌కే గుర్తులను ఆ తూకంతోనే చూస్తున్నాను.

జపాన్‌లో టెలివిజన్ కథ మొదలైందే ఒక అక్షరంతో. 1926 డిసెంబరు 25న హమమత్సు నగరంలోని ఉన్నత సాంకేతిక పాఠశాలలో కెంజిరో తకయనాగి అనే ఇంజనీరు, అభ్రకపు పలక మీద సిరాతో రాసిన, జపాను లిపుల్లో ఒకటైన కటకనలోని ఒక అక్షరాన్ని 40 గీతలుగా విడగొట్టి, విద్యుత్ సంకేతాలుగా మార్చి, బ్రౌన్ ట్యూబు (పాత టీవీల్లోని గాజు పిక్చర్ ట్యూబు) తెర మీద మళ్లీ కనిపించేలా చేశాడు. ఆ అక్షరం 'ఇ'. జపాను పిల్లలు తరతరాలుగా అక్షరాలు నేర్చుకున్న 'ఇరోహ' వరుసలో మొట్టమొదటిది అదే. అక్షరాభ్యాసం నాడు పిల్లల చేయి పట్టుకుని బియ్యంలో తొలి అక్షరాలు దిద్దించే మనకు, ఒక దేశపు టెలివిజన్ కూడా మొదటి అక్షరం దిద్దుకునే పుట్టిందన్న సంగతి వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. ఆ తర్వాత ఎన్‌హెచ్‌కే తెర మీదికి ఎన్ని బొమ్మలు వచ్చినా, వాటిలో చివరికి అక్షరాలే నిలబడ్డాయి. సంస్థ అలా ఎక్కడా ప్రకటించలేదు గాని, వందేళ్ల చరిత్రను వరుసగా చూస్తే నాకు కనిపించే దారి అదే.

నిప్పోన్ హోసో క్యోకై, అంటే జపాన్ ప్రసార సంఘం అన్న పేరులోని మూడు మాటల తొలి రోమన్ అక్షరాలే ఎన్, హెచ్, కే. సంస్థ రేడియో ప్రసారాలు 1925 మార్చి 22న టోక్యోలో మొదలైతే, టెలివిజన్ ప్రసారాలు 1953 ఫిబ్రవరి 1న మొదలయ్యాయి. ఆనాటికి రుసుము కట్టడానికి ఒప్పుకుని పేరు నమోదు చేసుకున్న ఇళ్లు 866, నెల రుసుము 200 యెన్‌లు. వాణిజ్య ప్రకటనలు లేకుండా ప్రేక్షకులు కట్టే ఆ రుసుముతోనే ఈ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. లోగోల సమీక్షలో ఈ డబ్బు సంగతి ఎందుకంటే, ప్రకటనదారుల డబ్బుతో నడిచే ఛానెల్‌కు లోగో అంగడి బోర్డు లాంటిది, దారిన పోయేవారిని లోపలికి పిలవాలి. ప్రేక్షకుడే నెలనెలా కట్టి పోషించే ఛానెల్‌కు లోగో రసీదు మీద సంతకం లాంటిది, స్పష్టంగా ఉంటే చాలు. ఎన్‌హెచ్‌కే గుర్తుల్లో కనిపించే నిగ్రహానికి సగం కారణం అక్కడే ఉందనుకుంటాను.

అనలాగ్ కాలంలో, అంటే దాదాపు యాభై ఏళ్లపాటు, జపాన్ భూతల ఛానెళ్ల, అంటే ఉపగ్రహం నుంచి కాక నేల మీది టవర్ల నుంచి ప్రసారమయ్యే ఛానెళ్ల, తెర మూలన ఇప్పటిలా శాశ్వతంగా ఉండే లోగో లేదు. ఛానెల్ పేరు ప్రసారాలు మొదలయ్యేటప్పుడూ ముగిసేటప్పుడూ, కార్యక్రమాల మధ్య విరామాల్లోనూ కనిపించేది. రోజు ప్రసారాలు ముగిసే వేళ ఎన్‌హెచ్‌కే జాతీయ పతాకాన్ని చూపేది. మన ఇళ్లలో దూరదర్శన్ కన్ను గుర్తు సంగీతంతో పాటు మెల్లగా తిరుగుతూ కూడుకునేది. 1976 ఏప్రిల్ 1న మొదలైన ఆ ఆవిష్కారాన్ని చూసిన తరం వారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. లోగో అప్పుడొక ఘట్టం. వచ్చేది, పేరు చెప్పేది, తప్పుకునేది. తెర మొత్తాన్ని కార్యక్రమానికే వదిలేసిన ఆ కాలం పద్ధతి మీద నాకు గౌరవం ఉంది.

ఇరుగుపొరుగు ఛానెళ్లను పక్కన పెట్టి చూస్తే ఎన్‌హెచ్‌కే స్వభావం ఇంకా తేటపడుతుంది. 1953 ఆగస్టు 28న మొదలైన నిప్పోన్ టెలివిజన్, జపాన్ తొలి వాణిజ్య టీవీ ఛానెల్, ప్రసారాల ఆదిలోనూ అంతంలోనూ పావురాల బొమ్మ వేసేది. 1992లో యానిమేషన్ చిత్రాల దర్శకుడు హయావో మియజాకి గీసిన వింత జంతువును చిహ్నంగా తెచ్చుకుంది. 2014 నుంచి తన పొట్టి పేరు 'నిత్తెరె' పక్కన ఏటవాలు గీత పోయిన బంగారు సున్నా పెట్టుకుంది. 1959లో మొదలైన ఫుజి టెలివిజన్ తన ఛానెల్ సంఖ్య 8తోనే గుర్తు అల్లుకుని, 1986లో చిత్రకారుడు కత్సు యోషిద గీసిన కంటి గుర్తుకు మారింది. టీవీ అసాహి 2003లో టోక్యోలోని రొప్పోంగి ప్రాంతంలో కొత్త భవనానికి చేరిన రోజుల్లో లండన్‌కు చెందిన టొమాటో అనే డిజైన్ బృందంతో, ధ్వనిని బట్టి కదిలే కంప్యూటర్ కడ్డీల గుర్తు చేయించుకుంది. టీవీ టోక్యో సంఖ్య 7. జపాను భాషలో 7ను 'నన' అంటారు, అందుకే దాని చిహ్నం ఏడు అంకె ఆకారంలో వంగిన నననా అనే అరటిపండు. వీటిలో చాలావాటిని నేను ఇష్టంగానే చూస్తాను, ఫుజి కన్ను నలభై ఏళ్లయినా పాతబడలేదు. కానీ ఇవన్నీ తమను చూడమని అడిగే గుర్తులు. ఎన్‌హెచ్‌కే అలా అడిగిన సందర్భం నాకు తెలిసి ఒక్కటే ఉంది.

ఆ సందర్భం 1995లో వచ్చింది. ప్రసారాలకు 70 ఏళ్లు నిండిన ఆ సంవత్సరం సంస్థ తన మూడు అక్షరాలనూ మూడు గుడ్ల ఆకారాల్లో పొదిగి కొత్త లోగో ప్రకటించింది. కొంచెం పక్కకు వాలిన ఆ గుడ్లు చూడడానికి మెత్తగా ఉండేవి, దానికి ముందున్న లోగో బిగువు వాటిలో లేదు. మూడేళ్ల తర్వాత, 1998 డిసెంబరులో, సంస్థ ఉపగ్రహ ఛానెల్ పదో వార్షికోత్సవ ప్రచారం కోసం త్సునెయో గోద సృష్టించిన దోమో-కున్ అనే గోధుమరంగు బొచ్చు జీవి కూడా గుడ్డులోంచే పుట్టింది. నోరు ఎప్పుడూ తెరిచి, పళ్లు బయటపెట్టి ఉండే ఆ జీవి దేశాలు దాటి ప్రసిద్ధి పొందింది. గుడ్డు అంటే కొత్తదనం పుట్టబోతోందన్న సూచన; ఉపగ్రహం, హైవిజన్ (జపాన్ హెచ్‌డీ టీవీ), డిజిటల్ అంటూ ప్రతి ఏడూ ఏదో ఒకటి పుట్టిన కాలం అది. అందుకు ఆ లోగో తగినదే. కానీ ఒక్క లోపం ఉంది. పెద్దగా చూపినప్పుడు ముచ్చటగా ఉండే గుడ్డు అంచులు చిన్నగా చూపినప్పుడు అక్షరాల చుట్టూ అనవసరమైన గీతలుగా మిగిలిపోతాయి. గోడకు వేలాడే బోర్డు కోసం గీసిన గుర్తును వేలిగోరంత జాగాలో ఇరికిస్తే ఏమవుతుందో ఆ పాతికేళ్లలో అర్థమైంది. 2020లో గుడ్లు తొలగిపోయాయి, అక్షరాలు మిగిలాయి. అదే వసంతంలో సంస్థ జపాన్‌లో ఇంటర్నెట్ ద్వారా ఛానెళ్ల ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టింది. ఫోను తెర మీద నిలవాల్సిన లోగోకు బరువు తగ్గించడం సరైన పనే, గుడ్లంటే ఇష్టమున్న నేను కూడా ఆ మాట ఒప్పుకుంటాను.

తెర మూలన శాశ్వతంగా కూర్చునే లోగో జపాన్‌లోకి డిజిటల్ ప్రసారాలతో పాటు వచ్చింది. 2003 డిసెంబరు 1న టోక్యో, ఒసాకా, నగోయా ప్రాంతాల్లో భూతల డిజిటల్ ప్రసారాలు మొదలైనప్పుడు కుడివైపు పై మూలన పలుచని తెల్లని అక్షరాలు చేరాయి. ఇప్పుడు ఎన్‌హెచ్‌కే సాధారణ ఛానెల్‌లో సంస్థ పేరు పక్కన 'జి' అనే ఒక్క అక్షరం, విద్యా ఛానెల్‌లో 'ఇ' అనే ఒక్క అక్షరం ఉంటుంది. 1959 జనవరి నుంచి ఉన్న ఆ విద్యా ఛానెల్‌ను 2011 నుంచి 'ఇ-తెరె' అనే ముద్దుపేరుతో పిలుస్తున్నారు. 1926లో తెర మీద వెలిగిన మొదటి అక్షరమూ 'ఇ'యే, ఇప్పుడు పిల్లల చదువుల ఛానెల్ మూలన ఉన్నదీ 'ఇ'యే. ఒకటి కటకన, ఒకటి రోమన్, రెంటికీ ఏ సంబంధమూ లేదు, అయినా వాటిని పక్కపక్కన తలచుకున్నప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది.

ఈ మూల లోగో అవసరమా అని అడిగేవారికి నా సమాధానం ఇది. డిజిటల్‌కు మారేటప్పుడు రిమోట్ మీది అంకెలు మారిపోయాయి. టోక్యోలో అనలాగ్ కాలంలో విద్యా ఛానెల్ 3, డిజిటల్‌లో 2. టీవీ అసాహి 10 నుంచి 5కు, టీవీ టోక్యో 12 నుంచి 7కు వచ్చాయి. పది నొక్కితే వచ్చే ఛానెల్ ఐదుకు వస్తున్నప్పుడు, అంకెల మీదే ఆధారపడి దశాబ్దాలు గడిపిన ముసలివారికి తెర మీద పేరు కనబడడం ఊతకర్ర లాంటిది. అయితే కదలని గుర్తుతో ప్రమాదం కూడా ఉంది. ప్లాస్మా తెరల మీద, ఇప్పటి ఓఎల్ఇడి తెరల మీద, ఒకేచోట గంటల తరబడి వెలిగే బొమ్మ మచ్చగా మిగిలిపోయే అవకాశం ఉంది. రంగులు లేకుండా, వెనకనున్న దృశ్యం కనిపించేంత పలుచగా లోగో వేయడం ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. కన్ను కూడా దానికి త్వరగా అలవాటు పడుతుంది. వెతికినప్పుడు కనిపించాలి, వెతకనప్పుడు కనిపించకూడదు. ఎన్‌హెచ్‌కే ఇప్పటి గుర్తుకు ఈ పరీక్షలో నేను పూర్తి మార్కులు వేస్తాను. జపాన్ వాణిజ్య ఛానెళ్లు కూడా ఇందులో ఒక మంచి మర్యాద పాటిస్తాయి. ప్రకటనలు మొదలవగానే అవి తమ లోగోను తీసేస్తాయి, కార్యక్రమం తిరిగి మొదలవగానే పెడతాయి. ఏది తన మాటో, ఏది అమ్మకందారు మాటో ప్రేక్షకుడికి మూల చూడగానే తెలిసిపోతుంది. మన తెలుగు వార్తా ఛానెళ్లలో లోగో, దాని కింద మరో పెట్టె, అడుగున రెండు మూడు వరుసల పట్టీలు కలిసి తెరలో ఎంత భాగం ఆక్రమిస్తున్నాయో గమనించిన వారెవరికైనా ఆ ఖాళీతనం విలువ తెలుస్తుంది.

ఇంతకీ నా దృష్టిలో జపాన్ తెర మూలన కనిపించిన గుర్తులన్నిటిలో ఉత్తమమైనది ఏ ఛానెల్ పేరూ కాదు. అది 'అనరోగు' అనే మాట, అంటే అనలాగ్, నాలుగు కటకన అక్షరాలు. జపాన్‌లో అనలాగ్ ప్రసారాలు 2011 జూలై 24న ఆగిపోతాయని నిర్ణయమైంది. ఆగిపోతుందన్న సంగతి అందరికీ తెలుసు గాని, తమ ఇంట్లో ఉన్నది ఆగిపోయే టీవీయో, నడిచే టీవీయో చాలామందికి తెలియదు. ఈ తికమక మన దగ్గరా ఉండేది. కేబుల్ డిజిటలీకరణ రెండో దశకు, అంటే హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాలకు, 2013 మార్చి 31 గడువుగా పెట్టినప్పుడు, 'మన డబ్బాకు సెట్‌టాప్ బాక్సు కావాలా, అక్కర్లేదా' అన్న ప్రశ్న వీధి వీధినా వినిపించింది. జపాన్‌లో ఆ ప్రశ్నకు తెరే సమాధానం చెప్పింది. గడువుకు సరిగ్గా మూడేళ్ల ముందు, 2008 జూలై 24 నుంచి, అనలాగ్ సంకేతం అందుకునే టీవీల్లో మాత్రమే కుడి మూలన ఆ మాటను వేయడం మొదలుపెట్టారు. అదే కార్యక్రమాన్ని డిజిటల్ టీవీలో చూసేవారికి ఆ మాట ఉండదు. మెకానిక్‌ను పిలవనవసరం లేదు, పెట్టె వెనక చూడనవసరం లేదు, కరపత్రం చదవనవసరం లేదు. కుర్చీలో కూర్చున్న ఏ తాతగారైనా మూలకు చూస్తే తన టీవీ సంగతి తెలుసుకోగలడు. ఇంతకన్నా ప్రయోజనకరమైన లోగోను నేనెక్కడా చూడలేదు.

ఆ మాటకు తోడు క్రమంగా మిగతా ఏర్పాట్లు వచ్చాయి. 2010 నుంచి అనలాగ్ తెర పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి, కింది పట్టీలో సూచనలు నడిచాయి. 2011 జూలై 1 నుంచి ఎడమవైపు అడుగున ఇంకా ఎన్ని రోజులో చెప్పే అంకె రోజురోజుకూ తగ్గుతూ కనిపించింది. జూలై 24 మధ్యాహ్నం పన్నెండు గంటలకు అనలాగ్ కార్యక్రమాలు ఆగి, నీలం తెర మీద ముగింపు ప్రకటన మిగిలింది. అర్ధరాత్రికల్లా సంకేతమే ఆగిపోయింది. 1953 నాటి 866 ఇళ్లకు చేరిన సంకేతం ఆనవాలు ఆ రోజుతో పోయింది. ఇవాటె, మియాగి, ఫుకుషిమ జిల్లాల్లో మాత్రం పోలేదు. మార్చి 11 నాటి భూకంపం, సునామీలతో ఇళ్లూ వాకిళ్లూ కోల్పోయిన ఆ మూడు జిల్లాలకు గడువును 2012 మార్చి 31 వరకు పెంచారు. దేశమంతటా మాయమైన ఆ నాలుగు అక్షరాలు అక్కడి తెరల మీద మరో ఎనిమిది నెలలు ఉండిపోయాయి. గడువు కన్నా మనిషి కష్టాన్ని ముందు చూసిన ఆ నిర్ణయం వల్ల, అంతవరకు హెచ్చరికగా కనిపించిన మాట నాకు అక్కడ ఓదార్పుగా కనిపిస్తుంది.

ఆపద వేళల్లో ఎన్‌హెచ్‌కే తెర ఎలా మారుతుందో కూడా ఈ సమీక్షలో చేరాలి, ఎందుకంటే మూలన నిగ్రహం పాటించిన సంస్థే అప్పుడు తెర నిండా అక్షరాలు వేస్తుంది. భూకంపం తర్వాతి రోజుల్లో దృశ్యాన్ని కొంచెం కుదించి, పక్కనా అడుగునా ఎల్ ఆకారంలో మిగిలిన జాగాలో నీరు, రైళ్లు, ఆశ్రయాల సమాచారం నడపడం జపాన్ ఛానెళ్లన్నీ పాటించే పద్ధతి. సునామీ హెచ్చరిక ఉంటే దేశపటం తెర మీద నిలిచి, ప్రమాదమున్న తీరం మెరుస్తూ ఉంటుంది. 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో భూకంపం వచ్చినప్పుడు, పారిపొమ్మనే మాటను కఠినమైన చైనా లిపి అక్షరాలతో సరిపెట్టకుండా, చిన్నపిల్లలు కూడా చదవగలిగే హిరగాన లిపిలో కూడా పెద్దగా వేశారు. కృష్ణా జిల్లాలో 1977 దివిసీమ ఉప్పెన కథలు వింటూ పెరిగిన నాకు, హెచ్చరికను బడి పిల్లవాడి చదువు స్థాయికి దించి రాయడం ఎంత పెద్ద పనో తెలుసు. రోజూ తెర మీద జాగాను పొదుపుగా వాడుకున్నవారి పెద్ద అక్షరాలకే అలాంటి రోజున బలం ఉంటుంది.

మన తెలుగు ప్రేక్షకులకు అందేది ప్రధానంగా అంతర్జాతీయ ఛానెలే కాబట్టి దాని గురించి కూడా చెబుతాను. 2009 ఫిబ్రవరిలో ఇది 24 గంటల ఆంగ్ల ఛానెల్‌గా రూపు దిద్దుకుంది. 2018 ఏప్రిల్‌లో ఎన్‌హెచ్‌కే వరల్డ్ అన్న పేరుకు 'జపాన్' అన్న మాట చేరింది. లోగోగా చూస్తే ఇది పొడుగైపోయింది, మూడు అక్షరాల సొగసు తగ్గింది. అయినా ఈ మార్పును నేను సమర్థిస్తాను. జపాన్ లోపల ఎన్, హెచ్, కే అంటే అందరికీ తెలుసు, గుంటూరులోనో నైరోబీలోనో ఛానెల్ తిప్పుతున్నవారికి తెలియనవసరం లేదు. అతిథితో మాట్లాడేటప్పుడు ఊరి పేరు కలిపి చెప్పుకోవడం మన మర్యాదే కదా. ఛానెల్ ఇంటర్నెట్‌లో ఉచితం, ప్రకటనల బాధ లేదు, వార్తలు గంట గంటకూ ఉంటాయి. ఏటా ఆరు సుమో పోటీలు జరుగుతాయి, ఒక్కొక్కటి 15 రోజులు. ఆ రోజుల్లో ముఖ్యమైన కుస్తీలు చూపిస్తారు. సంస్థ అంతర్జాతీయ సేవల్లో హిందీ, బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. తెలుగులో కనీసం విపత్తుల సమాచారమైనా వస్తే జపాన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకూ, ఇక్కడ కంగారుపడే వారి తల్లిదండ్రులకూ మేలవుతుందని నా కోరిక.

జపాన్ గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది, కాబట్టి వారి మధ్యాహ్నం పన్నెండు మనకు ఉదయం ఎనిమిదిన్నర. మొదటిసారి చూడదలచినవారు ఆ వేళకు ఛానెల్ పెట్టి, వార్తలు అయ్యేదాకా కార్యక్రమాన్నే చూడండి. తర్వాత ఒకసారి మూలకు చూడండి. అరగంటగా ఆ అక్షరాలు అక్కడే ఉన్నాయని అప్పుడు గుర్తొస్తుంది.